చెయ్యి ఎత్తకముందు తీసిన బొమ్మ

పోలీసుల గుండెల మీదికి కెమెరాలు వస్తున్నాయని టీవీలో చెప్పిన రోజు, మా స్టుడియోలో కూర్చున్నవాళ్లంతా ఇక అన్నీ బయటపడతాయని సంబరపడ్డారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కెమెరా ఉంటే సరిపోదు, దాని మీట ఎవరి వేలి కింద ఉందో అది చెప్పండి ముందు! ఈ సంగతి నాకు రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలోనే, పినపాక దాటాక వచ్చే అడవి రోడ్డు మీద తెలిసింది.

అప్పట్లో స్టేషన్లలో కెమెరాలు ఎక్కడివి? ధర్నా అయినా సోదా అయినా నాలాంటి పెళ్లి వీడియోవాణ్ణి జీపులో ఎక్కించుకుని పోయేవాళ్లు. కొత్తగా వచ్చిన ఎస్సై నాకు ఒకటే నియమం పెట్టాడు. "నేను చెయ్యి ఎత్తితే తియ్యి, దించితే ఆపు. నీ బుర్ర వాడకు."

ఆ రోజు ఒక గూడెంలో మీటింగుకు పోతున్నాం. వానలు మొదలుకాకముందు కోయగూడేల్లో భూమి పండుగ చేస్తారు. మగవాళ్లు విల్లంబులతో వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుగడ పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చీపోయే బండ్లను ఆపి చిల్లర అడుగుతారు. వేట లేకుండా ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాడి మీద పేడనీళ్లు కుమ్మరిస్తారు. మా వైపు అందరికీ తెలిసిన సంగతే. ఎస్సైది దూరపు జిల్లా.

గడ చూసి జీపు ఆగింది. పాట బాగుంది, పెళ్లి క్యాసెట్లలో మధ్యమధ్య అతికించడానికి పనికొస్తుందని నేను కెమెరా భుజానికెత్తి తీయడం మొదలుపెట్టాను. ముసలి హెడ్ కానిస్టేబుల్ నవ్వుతూ చిల్లర ఇచ్చాడు. ఎస్సై మాత్రం రాస్తారోకో అనుకుని చిరచిరలాడుతూ దిగి గడ లాగబోయాడు. ముందున్న ఒకామె ఆయన చేతుల వంక చూసింది.

"నడుముకు తుపాకి ఉన్నది, వేట ఏది సారూ?" అంటూ చెంబెడు పేడనీళ్లు యూనిఫాం మీద పోసింది. అంతా విరగబడి నవ్వారు, హెడ్ కూడా.

అప్పుడు ఎత్తాడు ఎస్సై చెయ్యి.

వేట నుంచి తిరిగొస్తున్న ఆమె భర్త, పెళ్లాన్ని పక్కకు లాగుదామని పరుగెత్తుకొచ్చాడు, భుజాన విల్లుతోనే. అతన్ని కొట్టి జీపులో పడేశారు. పోలీసుల మీద ఆయుధంతో దాడి చేశాడని కేసు. చెయ్యి ఎత్తిన దగ్గర్నుంచి చూస్తే తడిసిన యూనిఫాం, అరుపులు, విల్లు. ఎవరికైనా దాడిలాగే కనబడుతుంది.

మర్నాడు పొద్దున్నే ఎస్సై స్టుడియోకి వచ్చాడు.

"ముందు భాగం చెరిపేసి క్యాసెట్ ఇవ్వు."

"మొత్తం కావాలంటే ఇస్త సార్. ముక్క ఇయ్య."

"ఈ ఊళ్లో స్టుడియో నడపాలని ఉందా లేదా?"

"ఉంది సార్. అయినా ఇయ్య."

భయం లేదంటే అబద్ధం. కానీ కోపమొస్తే నా నోరు నా మాట వినదు. ఆయన అటు పోగానే కాపీ తీసుకుని భద్రాచలంలో పెద్దాఫీసరు దగ్గరికి పోయాను. ఆయన పాట దగ్గర్నుంచి చూశాడు. హెడ్ నవ్వు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. సాయంత్రానికి ఆమె భర్తను వదిలేశారు. ఎస్సైని ఎవరూ ఏమీ అనలేదు, నన్ను మాత్రం స్టేషన్ వాళ్లు మళ్లీ పిలవలేదు. పీడ విరగడైందనుకున్నాను.

నేను మొనగాణ్ణని నాకు నేనే మురిసిపోతున్న రోజుల్లో, పేడనీళ్లు పోసిన ఆమె స్టుడియోకి వచ్చింది. క్యాసెట్ పెట్టమంది. తన ముఖం, పక్కవాళ్ల ముఖాలు, అందరి నవ్వులూ నిలబడే చూసింది.

"ఇది ఎంతమంది పోలీసోళ్లు చూసిండ్రు?"

"ఆఫీసుల అందరు చూసిండ్రు అక్కా. అందుకే ఇడిసిపెట్టిండ్రు."

"అవ్, ఇడిసిండ్రు. ఇప్పుడు సంతల ఏ పోలీసాయన ఎదురైనా, నీళ్లు పోసింది గీమెనే అని ఏలు పెట్టి చూపెడుతుండు. మా చెల్లెండ్లను గూడ గుర్తుపడుతుండ్రు."

"చెరిపెయ్యమంటవా?"

"ఏంది చెరిపేది? మల్లా కేసు పెడితే మాకు గదే దిక్కు. దాచు." గుమ్మం దిగబోతూ ఆగి, నా వైపు సూటిగా చూసింది. "పెండ్లికి పోతే ఇల్లుగలోళ్లను అడిగి తీస్తవ్. మమ్మల్ని అడిగినవా తమ్మీ?"