శనగచేను మీద నాయన పంచె

గోస్పాడు దగ్గర మా శనగచేను. నాలుగేళ్ల కిందట, కాయ పట్టే వేళకు, ఇంటి లైటు చుట్టూ గోధుమ రంగు రెక్కల పురుగులు ముసరడం మొదలైంది. వాటి సంగతి నాకు తెలుసు. అవి ఆకుల మీద గుడ్లు పెట్టిపోతాయి. గుడ్లలోంచి వచ్చిన పచ్చపురుగులు కాయకు చిల్లి పెట్టి, తల లోపల, ఒళ్లు బయట ఉంచుకుని గింజ తినేస్తాయి.

నాయన మందు కొట్టనివ్వడు. చేలో అక్కడక్కడ కర్రలు పాతి, "పక్షులు వాలి ఏరుకుంటాయి, నువ్వు గమ్మునుండు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మొండితనం నాకు ఆయన నుంచే వచ్చింది, దాన్ని ఆయన మీదే వాడతాను. ఆయన ఆళ్లగడ్డలో పెళ్లికి పోయిన రోజు మందు కొట్టే పంపు భుజాన వేసుకుని చేనంతా కొట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు నాయన పెళ్లి భోజనం పడక పొట్ట పట్టుకుని వచ్చాడు. అజీర్తికి మా వైపు పాత మందు ఒకటుంది. మునిమాపున శనగచేను మీద తడి పంచె పరుస్తారు. ఆకుల మీది పులుపు మంచుతో పాటు బట్టకు ఎక్కుతుంది. తెల్లవారి పిండుకుని తాగుతారు. ఆ సాయంత్రమే ఆయన ఆ పని చేసొచ్చిన సంగతి నాకు తెలియదు.

పురుగు చచ్చిందో లేదో చూద్దామని పొద్దున్నే చేనికి పోయాను. నాయన గట్టు మీద కూర్చుని పంచెను చెంబులోకి పిండుతున్నాడు. గట్టు వైపు పరుగెత్తాను.

"తాగొద్దు నాయనా."

"ఏం, ఎందుకు?"

చెప్పాలి. కానీ "పంచె మురికిగా ఉంది" అన్నాను.

"నా పంచె మురికి నీకేందిరా" అని ఓ గుక్క తాగాడు.

అప్పుడు వచ్చింది మాట. "మందు కొట్టినా నాయనా. చేనంతా కొట్టినా."

ఆయన చెంబు కింద పెట్టాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన్ని బైకు ఎక్కించుకుని నంద్యాల ఆస్పత్రికి పోతూ, నా నడుము చుట్టూ ఆయన పట్టు సడలినప్పుడల్లా "నాయనా" అని పిలిచాను. "ఊఁ" అనేవాడు. ఒకసారి అనలేదు. ఆపి చూస్తే వాంతి చేసుకుంటున్నాడు.

ఆస్పత్రిలో కడుపు కడిగారు. సాయంత్రానికి గండం గడిచిందని డాక్టరు చెప్పాడు. క్షమించమని ఎలా అడగాలో తెలియక మంచం పక్కన దుప్పటి సర్దుతున్నాను.

"మింగినంక చెప్పినావే, ముందరే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నాయన.

"తిడతావని భయపడినా."

ఆయన నా చేతిలోంచి దుప్పటి లాక్కున్నాడు.

"నేను సస్తానేమోనని కాదు, తిడతానని భయపడినావు" అన్నాడు.