చక్కెర లేని మొదటి గ్లాసు

మొన్న మా కోడలితో కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అందుకే బోర్డు కనిపిస్తే చదవకుండా కదలను, కోడలు ఎంత విసుక్కున్నా సరే. మెట్ల కింద ఒక కొట్టు ముందు "షుగర్ లేని కాఫీ కలదు" అని ఎర్రటి అక్షరాలు కనిపించాయి. రెండుసార్లు చదివాను. నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి ఒక గ్లాసు చెప్పి బల్ల మీద కూర్చున్నాను. మా అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమె ఉండి ఉంటే చేదు కాఫీకి బోర్డు కూడానా అని కొట్టువాడితో కొట్లాట పెట్టుకునేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలనాడు మేం ఈ రోడ్డుకు కొంచెం లోపలగా కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపంతా ద్రాక్షతోటలే. గాలి ఇటు తిరిగితే పండిన ద్రాక్ష వాసన మంచాల దాకా వచ్చేది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన మాది ఒక వాటా. నడుమ బావి ఉన్న వాకిలి దాటితే రెండో వాటాలో గుంటూరావిడా, సర్కారు ఆఫీసులో పనిచేసే ఆమె భర్తా ఉండేవారు. మాకు చాయ్ తప్ప మరొకటి తెలియదు. ఆవిడ ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ దింపితే ఆ వాసన బావి దాటి మా పొయ్యి దగ్గరికి వచ్చేది. మా అత్త మొదట్లో "ఏం కషాయమో" అని మూతి తిప్పింది. ఒకనాడు రుచి చూసింది. అంతే, ఇక రోజూ మధ్యాహ్నం చీర ఆరేసే నెపంతో వాకిలి దాటేది. ఒక్క చీర ఆరేయడానికి ఆమెకు గంట పట్టేది.

అప్పటికే ఆమెకు చక్కెర జబ్బు. దవాఖానలో డాక్టరు తీపి మానమన్నాడు. మా మామ ఆ మాటను సర్కారు హుకుంలా పట్టుకుని ఇంట్లో చక్కెర డబ్బానే లేకుండా చేశాడు. పొద్దున్నే అత్త మూత్రపు చుక్కలు కొన్ని నీలం మందులో కలిపి, గాజు గొట్టాన్ని స్పిరిట్ దీపం మీద కాచేవాడు. నీలంగానే ఉంటే మంచిది. ఇటుక రంగుకు తిరిగిందంటే ఒంట్లో చక్కెర పెరిగినట్టు. రోజూ ఇటుక రంగే వచ్చేది.

"ఇంట్ల చిటికెడు చెక్కెర లేదు. నీ ఒంట్లకు యాడికెళ్లి ఒస్తున్నదే?" అన్నాడు మామ.

"నేనే తియ్యటిదాన్ని. ఇన్నేండ్లకు తెలిసిందా?" అంది అత్త.

మామ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం ఆరేసిన చీర చాటు నుంచి చూసి తీపి కాఫీ సంగతి కనిపెట్టాడు. అత్త నిద్రపోయాక గుంటూరావిడతో, "బిడ్డా, ఆమెకు కాఫీ ఇయ్యకు. నేను జెప్పిన్నని మాత్రం అనకు, నన్ను బతకనియ్యదు" అని బతిమాలాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

సరిగ్గా ఆ వారమే గొడవలు ముదిరాయి. బస్సులు బంద్, బడులు బంద్. ఆంధ్రవాళ్లు వెళ్లిపోవాలని రోడ్డు మీద కేకలు. గోడల మీద నల్లటి రాతలు వెలిశాయి. నాకు చదవడం రాదు కాబట్టి గుంటూరావిడ ముఖం చూసి వాటిలో ఏముందో తెలుసుకున్నాను. అత్త మాత్రం ఎప్పటిలాగే తడి చీర పట్టుకుని వెళ్లింది. ఆవిడ తలుపు సగమే తెరిచి, "ఇవాళ పాలు లేవు పిన్నిగారూ" అంది. మర్నాడు పొడి లేదంది. వాకిలి నిండా డికాషన్ వాసన కమ్ముకునే ఉంది. మా పల్లెల్లో గడప దాకా వచ్చిన మనిషికి తాగడానికి ఏమీ ఇవ్వలేదంటే ఆ ఇంటితో పొత్తు తెగినట్టే. అత్త చీర ఆరేయకుండానే తిరిగొచ్చింది.

"గొడవలైనయని మనకు కాఫీ బంద్ జేసింది. మనమేం జేసినం?" అని నన్నడిగింది. ఆ తర్వాత ఆవిడ బావి దగ్గర ఎదురుపడితే అత్త ముఖం తిప్పుకునేది. గుంటూరావిడకు దానికి ఇంకో అర్థం తోచింది. రోజూ వచ్చే పెద్దావిడే ఇలా చేస్తే ఇక ఇక్కడ ఎవరున్నారు అనుకుంది.

బస్సులు మళ్లీ నడిచిన పొద్దున వాళ్ల గుమ్మం ముందు రిక్షా ఆగింది. అందులో ట్రంకుపెట్టె, దాని మీద గుడ్డలో చుట్టిన ఫిల్టర్. అదే సమయానికి మామ గాజు గొట్టం పట్టుకుని సంబరంగా వాకిట్లోకి వచ్చాడు. ఆ రోజు మందు నీలంగానే ఉండిపోయింది. రిక్షాను చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"యాడికి బిడ్డా?"

"ఊరికి, బాబాయిగారూ. పిన్నిగారే మా ముఖం చూడనప్పుడు ఇంకెవర్ని చూసుకుని ఉండమంటారు?"

గడపలోంచి అత్త అందుకుంది. "కాఫీ సుక్క పొయ్యనిది నువ్వు. మొకం జూడనిది నేనా?"

గుంటూరావిడ మామ వైపు చూసింది. మామ గొట్టం వైపు చూశాడు. చివరికి దాన్ని సాక్ష్యంలా పైకెత్తి, "నేనే ఇయ్యొద్దన్న" అన్నాడు.

అత్త ఆయన్ని చూసిన చూపు కర్ఫ్యూ పోలీసులు కూడా చూసి ఉండరు. రిక్షా దగ్గరికి నడిచి, ఫిల్టర్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"నీళ్లు మరగబెట్టు. చెక్కెర ఎయ్యకు."

"చేదుగా ఉంటుంది పిన్నిగారూ."

"చేదో తీపో నేను తాగుత. నువ్వు ముందు గా పెట్టె దింపియ్యి."

బావి గట్టు మీద కూర్చుని తాగింది. మొదటి గుటకకు ఎడమ కన్ను మూసుకుపోయి, ముఖమంతా పిండిన గుడ్డలా ముడుచుకుంది. సర్దుకుని, "మంచిగున్నది" అంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరమూ కదల్లేదు. పెట్టె దింపిన రిక్షా అతనికీ ఒక గ్లాసు ఇచ్చారు. అందులో చెంచాల కొద్దీ చక్కెర పడుతుంటే అత్త కళ్లప్పగించి చూసింది.

వాళ్లు వెళ్లలేదు. మీర్‌పేట్‌లో సొంత ఇల్లు కట్టుకునేదాకా మా పక్కనే ఉన్నారు. అత్త రోజూ ఆ చక్కెర లేని కాఫీయే తాగింది. రోజూ మొదటి గుటకకు అదే ముఖం, ఆ వెంటనే అదే అబద్ధం. చీర వంక మాత్రం ఇక అవసరం పడలేదు.

కొట్టువాడు గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. ఒక గుటక తాగాను. నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది. కోడలు నవ్వుతూ, "ఏంది అత్తమ్మా, మంచిగ లేదా?" అంది.

"మంచిగున్నది" అన్నాను.

పోలికలు రక్తంతోనే వస్తాయనుకునేదాన్ని. కాలం మెల్లగా, ఇన్నేళ్లు తీసుకుని, మా అత్త ముఖాన్ని తెచ్చి నాకు పెట్టింది.