వేటకి వెళ్ళిన సైకిల్

సముద్రంలో పడవ పోగొట్టుకున్నవాళ్ళు విశాఖపట్నంలో వీధికొకరు దొరుకుతారు. సముద్రంలో సైకిల్ పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. చూడాలని సరదాగా ఉంటే గోపాలపట్నంలో మా పంక్చర్ షాపుకి రండి, ఉచితంగా కనిపిస్తాను. ముందే చెబుతున్నాను, ఈ కథలో ఒక సర్వనాశనం ఉంది. అది ఎవరో చేసింది కాదు. నా చేత్తో, నా తాళంతో, అన్నిటికీ మించి నా తెలివితో నేనే చేసుకున్నది.

సైకిల్‌కి మూటలు కట్టుకుని ఊళ్ళు తిరగడాన్ని ఈమధ్య బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. మా పేటలో దాన్ని స్టీలు సామాన్లు అమ్ముకోవడం అంటారు. ఎవరో గడ్డపాయన అండమాన్ దీవుల్లో అలా తిరగడం ఫోన్‌లో చూశాను. కొబ్బరితోటలు, నీలం నీళ్ళు, మధ్యలో సైకిల్. ఆ పూటే నాకు జ్వరం పట్టుకుంది. అండమాన్ ఓడ బయల్దేరేది మన పోర్టు నుంచే కదా. గుమ్మంలో ఓడ పెట్టుకుని ఎక్కకపోతే పాపం తగులుతుందనిపించింది.

చిక్కల్లా సైకిల్ దగ్గరే వచ్చింది. ఊరందరి సైకిళ్ళూ బాగుచేసేవాడికి సొంత సైకిల్ ఉండదు, ఇది ప్రకృతి ధర్మం. మంచి గేర్ల సైకిల్ మా సత్యం బావ దగ్గర ఉంది. అంటే మా అక్క మొగుడు. ఇల్లు కూర్మన్నపాలెం, ఉద్యోగం స్టీల్ ప్లాంటు. పొట్ట తగ్గించుకోమని డాక్టరు చెబితే కొన్నాడు. కొన్న దగ్గర్నుంచి రోజూ తుడవడమే గాని ఎక్కింది లేదు.

"బావా, సైకిలియ్యి. అండమాన్ ఈ సివర్నుంచి ఆ సివరికి తొక్కీసి ఒచ్చెత్తాను," అన్నాను.

బావ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"తొమ్మిదో క్లాసు సగంలో మానీసేవు. లారీ మీద క్లీనర్ పని సగంలో మానీసేవు. పెళ్ళిసూపుల కాడ సగంలో లేసి ఒచ్చీసేవు. నువ్వు సివరంటా సేసింది ఒక్కటి సెప్పు, ఇప్పుడే ఇచ్చెత్తాను."

చాలాసేపు ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు. పాపం మా అక్క నా పరువు కాపాడబోయింది. "అదేటి, పెళ్ళిసూపుల్లో పకోడీలు సివరంటా తినీసే లేసేడు కదా."

బావకి ఏ మూల జాలి పుట్టిందో, సైకిల్ బయటికి తీశాడు. దాంతోపాటు ఏనుగుని కట్టేసే గొలుసు ఒకటి, దానికి కొబ్బరిబోండాం అంత తాళం ఒకటి నా మెడలో వేశాడు. "ఆ సివరున్న డిగ్లీపూర్ దాకా తొక్కి, సైకిల్‌తో తిరిగిరా. మద్దెలో మానీసినా, సైకిల్ లేకండా ఒచ్చినా, ఇంక ఈ జన్మలో నీ మాట నమ్మను. ఊరు కాని ఊరు. ఎక్కడ దిగినా ముందు తాళం ఎయ్యి, తరవాత ఊపిరి పీల్చు."

పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగి తొక్కడం మొదలుపెట్టాను. ఆ కొండలెక్కుతుంటే సింహాచలం మెట్లు తివాచీలా గుర్తొచ్చాయి. సైకిల్‌ని రానివ్వని అడవి దారిలో దాన్ని బస్సు మీద పడుకోబెట్టి, దాని కింద నేను కూర్చున్నాను. దారిలో ఎవరు కలిసినా రెండే పనులు చేసేవారు. బోండాం కొట్టి చేతిలో పెట్టేవారు, ఏం అమ్ముతున్నావని అడిగేవారు. బోండాం తాగేముందు నేను మాత్రం సైకిల్‌కి తాళం వేసేవాణ్ణి. రంగత్‌లో టీ కొట్టు పెట్టుకున్న ఒక బెంగాలీ తాత ఈ తంతు చూసి హిందీలో, "ఇది దీవి నాయనా. దొంగిలించినవాడు సైకిల్ వేసుకుని ఎక్కడికి పోతాడు, సముద్రంలోకా?" అన్నాడు.

నేను పెద్దమనిషిలా నవ్వి, తాళం ఇంకోసారి లాగి చూసుకున్నాను.

మాయాబందర్ దాటాక ఒక జాలర్ల పేట చేరాను. మిట్టమధ్యాహ్నం. నిద్ర ముంచుకొచ్చింది. కొబ్బరిచెట్టుకి కట్టేద్దామంటే గొలుసు లావే గాని పొడవు చాలలేదు. ఇసకలో ఒక బోటు కనిపించింది. సముద్రం ఎక్కడో ఆమడ దూరంలో మిలమిలలాడుతోంది, బోటేమో పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టు పడుంది. దాని ముక్కున ఇనుప కడియం కూడా ఉంది. సైకిల్‌ని ఆ కడియానికి బిగించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, తోటలోకి పోయి, చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకున్నాను.

అక్కడ సముద్రం పాటుకి ఎంత దూరం పోతుందో, పోటుకి అంత దగ్గరికి వచ్చేస్తుందట. వైజాగ్‌లో పుట్టి ఇంత ఎదిగినవాడికి ఆ సంగతి తెలియకూడదా అంటారేమో. తెలుసు. తెలిసినవాడికి నిద్ర రాకూడదని ఎక్కడైనా ఉందా?

లేచేసరికి బోటున్న చోట అలలు ఆడుకుంటున్నాయి. తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అంటారు. నేను గొళ్ళెం మరవలేదు. గొళ్ళెమే లేచి వెళ్ళిపోయింది.

ఒడ్డున ఒకావిడ వల ఆరేస్తోంది. పరిగెత్తుకెళ్ళి, "మాజీ, మేరా సైకిల్, కిదర్ సైకిల్," అన్నాను.

"తెలుగులో ఏడు బాబూ. నీ మొకం సూత్తేనే తెలత్తంది," అందామె. ఆమె పేరు పోలమ్మ. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఆ బోటు వాళ్ళదే.

"నా సైకిలేదమ్మా?"

"ఏటకెల్లింది."

"సైకిలు వేటకెళ్ళడం ఏటి?"

"మరేటి సేత్తారు? పోటు ఒచ్చీసింది. నీకోసం పేటంతా కేకలేసేరు. గొలుసు కొయ్యబోతే కత్తి ఇరిగిపోనాది. సేపలేటి నీ నిద్దర లేసేదాకా కూకుంటాయా? సైకిలెత్తి బోట్లో ఏసుకుని ఎల్లిపోనారు. ఇంతకీ ఎవుల తాలూకా నువ్వు? బుర్ర ఉన్నోల తాలూకా కాదులే."

సరిగ్గా అప్పుడే బావ ఫోన్. యముడికి కూడా అంత టైమింగ్ ఉండదు.

"ఏరా, సైకిలెలాగుంది?"

"హాయిగా ఉంది బావా. గాలి బాగా తగుల్తంది దానికి."

"తాళం ఏసేవా?"

"ఊడదు బావా. నాది గేరంటీ."

పక్కన పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నాకు ఏడుపు తన్నుకొస్తోంది. డిగ్లీపూర్ ఒక్క రోజు దూరం. జీవితంలో మొదటిసారి ఒక పనికి చివర కనబడుతుంటే, సైకిల్ నడిసముద్రంలో, తాళంచెవి నా మొల్లో.

పొద్దు వాలుతుండగా బోటు తిరిగొచ్చింది. ముందు నా సైకిలే కనిపించింది. ముక్కు మీద నిటారుగా నిలబడి, హ్యాండిల్ తిప్పుకుంటూ, ఓడకి కెప్టెన్‌లా వస్తోంది. వెనక చక్రానికి నాచు, సీసా పెట్టుకునే చోట ఒక పండుకప్ప చేపపిల్ల. బోటు నిండా వంజరాలు. ఆ సీజన్‌లో అంత చేప పడలేదట.

బోటు యజమాని, పోలమ్మ మొగుడు ఎర్రయ్య దిగీ దిగగానే, "ఎవుడిదిరా ఈ సైకిలు?" అన్నాడు. తంతాడని వెనక్కి అడుగేశాను. అతను సైకిల్‌కి దణ్ణం పెట్టాడు.

తరవాత వాటాలు వేశారు. బోటుకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, వెళ్ళిన మనిషికో వాటా. అక్కడొచ్చింది తగువు.

"మరి సైకిలుకి?" అంది పోలమ్మ.

"సైకిలేటి మడిసేటి?" అన్నాడొక కుర్ర జాలరి.

"ఇంజనుకియ్యట్లేదా? దానికేటి కాళ్ళూ సేతులూ ఉన్నాయా? ఏటకెల్లినోడికి వాటా ఇయ్యాల. అంతే."

పేట పెద్దలు తల ఊపారు. నేను గొంతు సవరించుకుని ముందుకొచ్చాను. "ఆ వాటా నాకిచ్చీండి."

ఎర్రయ్య నన్ను కిందనుంచి పైకి చూశాడు. "నువ్వొచ్చేవేటి ఏటకి? పడుకున్నోడికి వాటా ఏటి? సైకిలెవులది?"

"మా బావది."

"అయితే వాటా మీ బావది."

అలా మా సత్యం బావ, కూర్మన్నపాలెంలో ఫ్యాన్ కింద కూర్చునే, అండమాన్ సముద్రంలో వేటాడేశాడు. కష్టమేమో నాది, వంజరమేమో ఆయనది. ఆ వాటా ఉప్పు పట్టి ఎండేదాకా నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టారు. సైకిల్‌ని మంచినీళ్ళతో కడిగి, గొలుసుకి ఇంజనాయిల్ పట్టించి, పసుపు కుంకాలు పెట్టి సాగనంపారు. నాకు మాత్రం పోలమ్మ ఒక సలహా ఇచ్చింది: "ఈపాలి తాళం నీ కాలికి ఏసుకో నాయినా."

డిగ్లీపూర్ చేరాను. ఇంకా ముందుకెళితే రోడ్డు లేదు, సముద్రమే. ఎండుచేపల మూటతో సహా సైకిల్‌ని నెత్తి మీదికెత్తి, బావకి వీడియో కాల్ చేశాను. "బావా, సివర. ఇంక లేదు." అటు బావ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని సైకిల్ చక్రాలు లెక్కపెట్టుకున్నాడు. వెనకనుంచి అక్క మాత్రం వీధి మొత్తానికి వినపడేలా, "మా తమ్ముడు పూర్తి సేసీసేడు," అంటోంది. ప్రపంచ కప్పు ఎత్తినవాడు కూడా ఆ రోజు నా ముందు దిగదుడుపే.

వైజాగ్ పోర్టులో దిగేసరికి బావ వచ్చి ఉన్నాడు. సైకిల్ చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేశాడు. బ్రేకు దగ్గర ఒక చేప పొలుసు గోటితో తీసి వెలుగులో చూశాడు. ఇక దాచి లాభం లేదని జరిగింది జరిగినట్టు చెప్పేసి, ఆయన వాటా ఆయన చేతిలో పెట్టాను. బావ మూట వాసన చూశాడు, సైకిల్ వాసన చూశాడు, రెండూ తీసుకుని ఇంటికి బయల్దేరాడు.

ఆదివారం భోజనానికి పిలిచాడు. వంకాయలో ఎండు వంజరం. రెండోసారి వడ్డించుకున్నాక గొంతు తగ్గించి అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడెల్తావురా?"

"ఎందుకు బావా?"

"ఈపాలి నా స్కూటరు కూడా తీసుకెల్లి కట్టు."

కనుక అన్నం ముందు కూర్చుని, ఎడమ చెయ్యి గుండె మీద వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. తేలే వస్తువుకి ఈ జన్మలో తాళం వెయ్యను. ఒకవేళ వేస్తే, ఈసారి బోట్లోనే పడుకుంటాను. నిద్రపోయినా సరే, వేటకెళ్ళినవాడి లెక్కలో ఒక వాటా నాకూ వస్తుంది.