రాలుకాయల కూలి

నూజివీడు బజారులో నన్ను మించిన బేరగాడు లేడని ఒప్పుకోనివాళ్లు కూడా ఈ సంగతి వింటే ఒప్పుకుని తీరాలి. ఒక సర్కారు గుమాస్తాను నేను నిలువునా ముంచాను, ఒక్క కాణీ ఖర్చు లేకుండా.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడో, ఆపై ఏడో. మాది కిరాణా కొట్టు. వేసవిలో చాట్రాయి వైపు ఒక మామిడి తోట కాపు గుత్తకు తీసుకునేవాళ్లం. ఆ ఏడు కోతలు చూసుకునే పని మా నాన్న నాకు అప్పజెప్పాడు. గంపల్లో గడ్డి పరిపించి కాయలు పేర్పిస్తుంటే సైకిలు మీద ఆ గుమాస్తా వచ్చి, సంచీలోంచి గళ్లు గీసిన కాగితాలు తీశాడు.

"కూలివాళ్లకి ఎంతిస్తున్నారు, ఏడాదికి ఎన్నాళ్లు పనుంటుంది, రాసుకోవాలండీ. పన్నుకీ దీనికీ సంబంధం లేదు."

నేను లోపల నవ్వుకున్నాను. పన్ను కోసం వచ్చానని చెప్పి వచ్చే పన్నువాడు ఉంటాడా? కొట్లో పుట్టినవాడికి గళ్ల కాగితం ఏదైనా అమ్మకం పన్ను కాగితమే. ఖర్చు ఎక్కువ చూపిస్తే లాభం తక్కువ కనిపిస్తుంది. ఇది మాకు ఉగ్గుపాలతో అబ్బిన చదువు.

"ఆడవాళ్లకి పన్నెండణాలండీ," అన్నాను.

ఇచ్చేది ఆరణాలు. గాలి వీచిన రోజైతే మూడణాలే చేతిలో పెట్టి, మిగతా మూడణాల కింద రాలుకాయలు గంపెడు పోసేవాళ్లం. మా తోటల్లో అది వాడుక.

"కాయలు కూడా ఇస్తారటగా?"

"అచ్చం రసాలండీ! బెజవాడలో ఆ గంప ధర మీకు తెలియందేముంది?"

పుట్టి బుద్ధెరిగాక పుల్లకాయకి నేను ధర పెంచింది ఆ ఒక్కసారే.

గడ్డి పరుస్తున్న ఒకావిడ తలెత్తింది. అంతకు పది రోజుల ముందు ఆవిడ భర్త మా చెట్టు మీంచే పడ్డాడు. నడుం కదలదు. కట్టు కట్టించడానికి వారం వారం బండి కట్టించుకుని మైలవరం తీసుకెళ్లాలి. రోజుకి రెండణాలు పెంచమని నన్ను అడిగింది. కోతలయ్యాక చూద్దాంలే అన్నాను.

గుమాస్తా ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, అదే రాస్తాను. కూలి ఎంతుండాలో పైవాళ్లు తేల్చేది ఈ కాగితాలు చూసే."

"మరేనండీ, గాలేసిన రోజున..."

"ఏమే, పన్నెండణాలేగా?" నేను అందుకున్నాను. "చెప్పు, బెదురెందుకూ!"

ఆవిడ నా మొహంలోకి చూసింది. భర్త మంచాన పడి ఉంటే, ఉన్న పని కూడా ఎలా పోగొట్టుకుంటుంది?

"అయ్యగారు చెప్పిందేనండీ," అని మళ్లీ గడ్డి మీదికి వంగింది.

"ఏడాదిలో ఎన్నాళ్లు పని?"

"మా వైపు పనికి లోటేముందండీ!" అన్నాను నేనే.

ఆయన రాసుకున్నాడు. పండు కోసిస్తే వద్దన్నాడు. అప్పుడైనా తెలియాల్సింది, పన్నువాడు కాదని.

మూడో వారం నుంచి మైలవరం బండి ఆగిపోయింది. వానలు పట్టాక ఆవిడ భర్త పోయాడు.

మరుసటి వేసవి ఆ గుమాస్తా మళ్లీ వచ్చినప్పుడు, ఆడవాళ్లంతా చుట్టూ చేరి కూలి పెంచేలా రాయమన్నారు. ఆయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మీకు పన్నెండణాలు అందుతున్నట్టుందమ్మా కిందటేటి కాగితంలో. అది చూసి, ఈ వైపు పెంచక్కర్లేదన్నారు."

"ఎవరు చెప్పారంట ఆ మాట? వాళ్ల నోరు పడిపోను!" అంది ఒక ముసలామె.

"నేనేలే పిన్నీ," అంది భర్త పోయిన ఆవిడ. "నేనే చెప్పాను."

నా వైపు చూడనైనా లేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి బేరమాడేవాణ్ణి. అది తప్పు, దిద్దుకోండని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. పక్కన కాయలు కొనవచ్చిన నలుగురు వర్తకులున్నారు. అనలేదు.

పన్ను ఏదీ రాలేదు. ఆయన నిజమే చెప్పాడు. ఆ కాగితం ఇప్పుడు ఏ బీరువాలో ఉందో తెలియదు కనుక ఇక్కడే దిద్దుతున్నాను. ఆడమనిషికి రోజు కూలి ఆరణాలు. గాలి వీచిన రోజు మూడణాలు, ఒక గంప రాలుకాయలు, వాటి ధర సున్నా. ఏడాదిలో పని రెండున్నర నెలలు. ఆవిడ అడిగింది రెండణాలు. నేను ఇచ్చింది లేదు.