చింతచెట్టు మీది ఆడపిల్లలు

మా అత్త నన్ను ఒక్కనాడూ "అమ్మా" అని పిలవలేదు. ఆ పిలుపంతా చెట్టు మీదికే పోయేది.

టెక్కలికి ఆవల మా ఊళ్లో, చలికాలం మొదట్లో దూరదేశపు కొంగలొచ్చి మా పెరటి చింతచెట్టు మీద గూళ్లు కట్టేవి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊరంతా వాటిని అనేది. అత్త మాత్రం నిజంగానే నమ్మింది. పొద్దున్నే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ "నిద్దరట్టిందేటమ్మా" అని అడిగేది. ఆ రెట్టలన్నీ ఊడ్చేదాన్ని నేను.

గూళ్లున్నన్నాళ్లూ ఆ చెట్టు దగ్గర డప్పు మోగకూడదు, కాయ కోయకూడదు. తొలి కాన్పు వేవిళ్లతో నోరు చేదెక్కి, అందిన కొమ్మ నుంచి ఒక్క చింతకాయ తుంపినందుకు అత్త నా చెయ్యి మీద చీపురుతో కొట్టింది. నౌపడ ఉప్పుమళ్ల మీద అధికారం చేసే తెల్లదొర తుపాకీతో వేటకొచ్చిన రోజున అదే చీపురు పట్టుకుని ఎదురెళ్లింది. "మా ఆడపిల్లల్ని కాల్సడానికొచ్చినావా? ముందు నన్ను కాల్సు" అంది. దొర వెళ్లిపోయాడు. ఊరు మెచ్చుకుంది. నాకు మాత్రం నా చెయ్యే గుర్తొచ్చింది.

తర్వాతిది రెండో కాన్పు కనుక అత్తింట్లోనే పురుడు పోశారు. నొప్పులకు తాళలేక అరిచాను. గడప దగ్గర కూర్చున్న అత్త లోపలికి తొంగిచూసింది.

"అలాగరవకే. సెట్టుమీద పురిటాళ్లున్నారు."

నోట్లో గుడ్డ కుక్కుకుని కన్నాను. పైన ఒక్క రెక్క కదల్లేదు.