మూసిపెట్టిన మూడు సీట్లు

భర్త అలీముద్దీన్ గుండె ఆగి పోయాక నుజహత్ ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు. అది తీరిన మర్నాడే నారాయణఖేడ్ బస్టాండు దగ్గరున్న నెట్ సెంటర్ షట్టర్ ఎత్తించింది. రెండువేల పన్నెండు, మే నెల. పదో తరగతి ఫలితాల కోసం జనం వస్తారు. ఆ దుకాణం నడిస్తేనే ఆమెకూ కూతురు తమన్నాకూ పూట గడిచేది.

ఎనిమిది కంప్యూటర్లలో ఐదింటికే నెట్ వచ్చింది. వైర్లన్నీ వచ్చి చేరే స్విచ్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు మెకానిక్ సంగమేశ్వర్.

"ఇది చెడిపోలే భాభీ. గీ మూడు అన్ననే బంద్ చేసిండు."

నుజహత్‌కు గుర్తొచ్చింది. అలీముద్దీన్ పోయిన రోజు అన్నం ముందు కూర్చుని కూడా ఆయన తిట్లే. "సిన్మాలు దింపి అందరి నెట్ గుంజుతుండ్రు నా కొడుకులు. మూడు సీట్లు బంద్ పెట్టిన. రేపటిదాంక ఏడ్వనీ." కుర్చీలోంచి లేవకుండా ఎవరి నెట్ అయినా ఆపొచ్చనే ఏరికోరి ఆ రకం డబ్బా తెచ్చుకున్నాడు. ఆ రేపు ఆయన చూడలేదు. కోపం మాత్రం డబ్బాలో అట్లాగే ఉండిపోయింది.

పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. తమన్నా పేరు కొట్టి చూశారు, నుజహత్ పేరు కొట్టి చూశారు. తెరుచుకోలేదు.

"పిన్నుతోని గీ సందుల ఒత్తితే తెరుసుకుంటది. కని అన్న పెట్టిందంత తుడుసుకపోతది. మల్ల తెల్సినోడే కూసోని పెట్టాలె. లేదంటే నా సంచిల సాదా డబ్బా ఉంది. వైరు గుచ్చితే నడుస్తది, పాస్‌వర్డ్ గీస్‌వర్డ్ ఏం లేదు. ఎవడన్న సిన్మా దింపితె మాత్రం నువ్వే లేసి లొల్లి పెట్టాలె. పెడ్తవా?"

నుజహత్ ఇంట్లో కూడా గొంతు పెంచి ఎరగదు.

"సాదాదే పెట్టు తమ్మీ."

"మరి పాతది తుడిసి ఇచ్చేద్దమా? కంగ్టి ఊర్ల ఒకాయన అడుగుతుండు."

"ఒత్తకు!" అంటూ చెయ్యి అడ్డం పెట్టింది.

సాదా డబ్బా పెట్టాక ఎనిమిది సీట్లూ నిండాయి. గంట కాకముందే గోల. "నెట్ తిరుగుతనే ఉంది భాభీ!" మూల సీటులో మీసాలాయన సినిమా దింపుతున్నాడు. నుజహత్ లేచి వెళ్ళి అతని వెనక నిలబడింది. అలీముద్దీన్ రోజూ అనే మాటలే నోటికొచ్చాయి.

"బంద్ చెయ్యి. గిక్కడ సిన్మాలు వద్దు."

అతను తిరిగి చూశాడు. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏంది భాభీ, గీ పాటి సిన్మాకే ఏడుస్తవా?" అంటూ బంద్ చేశాడు.