డీఈ గారి కుర్చీలో లోపం

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయం లోకంలో ఉంటుందన్న అనుమానం కూడా నాకుండేది కాదు. (తెలిసినవి ఎన్ని అని మాత్రం అడక్కండి.) కంకిపాడు దగ్గర సబ్‌స్టేషన్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఎక్కడో సన్నగా నిప్పురవ్వలు లేస్తున్నాయని తేలింది. ఆ రవ్వల చిటపట మన చెవికి అందదు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె ట్యాంకు గోడలకు గ్రీజు రాసి సెన్సర్లు అంటిస్తే, ఏ సెన్సర్‌కి ముందు వినబడిందో చూసి లోపం ఎక్కడుందో కంప్యూటర్ చెబుతుంది. ఆ పని మొదటిసారి నాకొక్కదానికే అప్పగించారు. మర్నాడు కరెంటు ఆపి, నూనె తోడి, నేను చూపిన చోటే విప్పుతారు. అక్కడేమీ లేకపోతే మళ్లీ ఆఫీసులో కూర్చుని బిల్లుల ఫిర్యాదులు చూసుకోవాల్సిందేనని ముందే చెప్పి పంపారు.

మా పై అధికారి డీఈ గారు స్వయంగా వచ్చి, ఎదురుగా వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన మాట్లాడకపోతేనే మాకు భయం. ఆ రోజు వచ్చిన దగ్గర్నుంచీ మాట్లాడలేదు. కాసేపటికి నా ల్యాప్‌టాప్‌లో లోపం చోటు చూపే ఎర్రచుక్క పడింది, ట్యాంకులో కాదు, బయట. మేమంతా భాయ్ అని పిలిచే లైన్‌మన్ నేను చెప్పిన లెక్క ప్రకారం టేపుతో కొలుచుకుంటూ వెళ్లి, సరిగ్గా డీఈ గారి మోకాళ్ల దగ్గర ఆగిపోయాడు. టేపు చివర ఎక్కడ ఆనించాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“ఎక్కడ తేలిందమ్మా?” అన్నారు డీఈ గారు.

సమయానికి అబద్ధం కూడా తోచలేదు. “మీ కుర్చీలోనండీ,” అన్నాను.

ఆయన నన్నోసారి, కుర్చీనోసారి చూసి, లేచి పక్కన నిలబడ్డారు. మళ్లీ స్క్రీన్ చూస్తే అప్పుడు కనబడింది నా నిర్వాకం. శబ్దం నూనెలో పోయే వేగం ఇవ్వాల్సిన చోట ఇనుములో పోయే వేగం ఇచ్చాను. ఇనుములో శబ్దం చాలా తొందరగా పోతుంది కాబట్టి, కంప్యూటర్ దూరాలన్నిటినీ వరండా దాకా సాగదీసింది. గుట్టుచప్పుడు కాకుండా అంకె మార్చాను. చుక్క వెళ్లి ట్యాంకులో బుద్ధిగా కూర్చుంది.

“సారు లేవంగానే లోపలికెళ్లిపోయిందండీ,” అన్నాడు భాయ్, ఎంతో మర్యాదగా.

మర్నాడు విప్పితే, నేను చూపిన చోటే తీగకు చుట్టిన కాగితం నల్లగా మాడి ఉంది. బిల్లుల ఫిర్యాదులు తప్పాయి. చుక్క కుర్చీలో పడిన ఆ మొదటి బొమ్మని మాత్రం డీఈ గారు అడిగి ప్రింటు తీయించుకున్నారు. రిటైరయ్యేదాకా దాన్ని టేబుల్ అద్దం కింద పెట్టుకుని, “నా సర్వీసు మొత్తంలో, లోపం నా కుర్చీలోనే ఉందని మొహం మీద చెప్పింది ఈ పిల్లొక్కతేనయ్యా,” అని వచ్చినవాళ్లకల్లా చూపించేవారట. అది ధైర్యం కాదండీ, అంకె తప్పు అని ఆయనకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు నాకూ అలాంటి కుర్చీ ఒకటి ఇచ్చారు. ఎదురుగా నిలబడే పిల్లలు మహా తెలివైనవాళ్లు. అంత మంచి పొరపాటు ఒక్కరూ చేయడం లేదు.